‘తప్పకుండా వస్తాను’ అనే బటన్

ఫోన్ యాప్‌లలో ఏ బటన్ ఎక్కడ ఉండాలి, దాని మీద ఏ మాట రాయాలి, నొక్కితే ఏం జరగాలి అని నిర్ణయించడం నా ఉద్యోగం. మా ఇల్లు మేడ్చల్‌లో. మా సంఘం కూడా అక్కడే, రేకుల కప్పు కింద కూడుకుంటుంది. ఆదివారం ఉదయం పిల్లలకు వాక్యం చెబుతాను, సోమవారం నుంచి ఆఫీసుకు వెళతాను. ఈ రెండింటికీ మధ్య గోడ ఉందనే చాలాకాలం అనుకున్నాను. అది లేదని చూపించింది మా సంఘంలోని ఒక అక్క. ఆమెను నాకు ఇచ్చినందుకు ప్రభువుకు ఎన్నిసార్లు స్తోత్రం చెప్పానో లెక్కలేదు.

అక్కది గౌడవెల్లి. తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబ్‌లో గాజు సామాను కడిగే పని చేస్తుంది. కంపెనీ బండి పొద్దున్నే ఊరి మలుపు దగ్గర ఎక్కించుకుని, శామీర్‌పేట మీదుగా ల్యాబ్ దగ్గర దింపుతుంది. ఒక ఆదివారం ప్రార్థన అవసరతలు చెప్పే సమయంలో ఆమె కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది.

“నన్ను ఎక్కించుకునే బండి ఆగుతలేదు. పోయిన వారం రెండు దినాలు మలుపు కాడ నిలవడ్డ. నన్ను సూసుకుంటనే పోయింది. బస్సు వట్టుకొని, ఆటో వట్టుకొని పోయేవరకు లేటయింది. ఇంకొక్కసారి లేటయితే వేరేటామెను వెట్టుకుంట అంటున్నడు కాంట్రాక్టరు. నా పని నిలవడాలని ప్రార్థన జేయున్రి.”

అందరం మోకరించాం. నేను గట్టిగానే ప్రార్థించాను. “ప్రభువా, ఆ డ్రైవరు మనసు మార్చు” అని కూడా అన్నాను. అంటూనే మధ్యలో ఆగిపోయాను. ఆ బండ్లు నడిచేది మా టీమ్ చేసిన యాప్ మీద. ఏ మలుపు దగ్గర ఆగాలో, ఎక్కడ ఆగకుండా పోవాలో డ్రైవరుకు చెప్పేది ఆ యాప్. అతని మనసు మారినంత మాత్రాన ఏమీ కాదు.

ఆరాధన ముగిశాక అక్క పక్కన చాప మీద కూర్చుని ఫోన్ చూపించమన్నాను. రోజూ సాయంత్రం ఆరింటికి ఆ యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది: “రేపు ఉదయం బండికి తప్పకుండా వస్తారా?” కింద రెండు బటన్లు. పచ్చది “తప్పకుండా వస్తాను”, ఎర్రది “రాను”. ఎనిమిదింటిలోపు ఏదీ నొక్కకపోతే సీటు వేరేవాళ్ళకు పోతుంది. ఒక మలుపులో ఎవరూ లేకపోతే బండి అక్కడ ఆగదు. అక్క మలుపులో ఇంకెవరైనా నొక్కిన రోజు ఆమె కూడా ఎక్కేది, ఎవరూ నొక్కని రోజు బండి ఆగకుండా పోయేది. ఆ మాటలు నేనే రాశాను. వస్తానని నొక్కి రానివాళ్ళు ఎక్కువయ్యారని కంపెనీ అంటే, జనం గట్టిగా ఆలోచిస్తారని ‘తప్పకుండా’ చేర్చింది నేనే. ఆ మాట దొరికినందుకు అప్పుడు సంతోషపడ్డాను కూడా.

“అక్కా, గిది నీకు కనిపిస్తలేదా?” అని అడిగాను.

“ఎందుకు కనిపించదు? రోజూ సదువుతున్న.”

“మరి నొక్కవేంది?”

“ఏది నొక్కాలె? రాను అంటే అబద్ధమాయె. తప్పకుంట వస్త అందామంటే, రేపు నా చేతుల ఉన్నదా చెల్లె? ప్రభువు చిత్తమైతే వస్త. గా ముక్క దీంట్ల ఏడుంది?”

“గదేం ఒట్టు గాదక్కా. బండోళ్ల లెక్క కోసం అంతే. నొక్కెయ్.”

“ఒట్టు గాకుంటే తప్పకుండ అని ఎందుకు రాసిన్రు?”

ఆమె నా మొహం చూసి నవ్వింది. “పోయిన ఆదివారం పిల్లలకు రేపటి గురించి గొప్పలు పోవద్దని నువ్వే చెప్పినవు గదనే. నా చిన్నోడు ఇంటికొచ్చి నాకు చెప్తడు. పిల్లలకొకటి, ఫోన్లకొకటా?”

మా సంఘంలో పెద్దలెవరూ రేపటి మాట చెప్పేటప్పుడు ప్రభువు చిత్తమైతే అనకుండా చెప్పరు. నేనూ అంతే. అయినా ఆఫీసులో ఆ ప్రశ్న రాసిన రోజు నాకు అది గుర్తుకు రాలేదు. ప్రశ్న తెరిచి చదివి ఏదీ నొక్కని వాళ్ళు ఉన్నారని మా లెక్కల్లో ముందునుంచే కనిపిస్తోంది. వాళ్ళను మేం “పట్టించుకోనివాళ్ళు” అనే వరసలో వేశాం. మా అందరికంటే ఎక్కువగా పట్టించుకునే మనిషి ఆ వరసలో ఉంది.

బండి ఆఫీసుకు అప్పటికప్పుడు ఫోన్ చేశాను. శుక్రవారం వరకు ఆమె సీటు చేత్తో ఆపి ఉంచుతామన్నారు. శనివారం నుంచి మాత్రం యాప్ ఎలా చెబితే అలాగేనన్నారు. అంటే నా చేతిలో ఐదు రోజులున్నాయి.

సోమవారం మా మేనేజర్‌కు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

“ఒక్కామె కోసం యాప్ మారుస్తమా? నొక్కమని చెప్పున్రి, అయిపోతది.”

“చెప్పిన సార్. ఆమె నన్నే వాపస్ అడిగింది.”

“ఇంకెవరన్న ఉన్నరా గట్ల? ఉంటే చూపియ్యున్రి. ఒక్క బండి మీద ట్రై చేద్దాం.”

మంగళవారం తెల్లవారుతూనే అక్కతో పాటు ఆ బండి ఎక్కాను. నేనెవరో చెప్పలేదు. డ్రైవరు అద్దంలో అక్కను చూసి, “ఇయ్యాల సీటు సూపెట్టిందక్కా. గీ యాప్ జేసినోళ్లెవరో గాని, ఒక్కదినం నా పక్కన కూసోవెట్టాలె. మనిషి రోడ్డు మీద చెయ్యి ఊపుతుంటది, గిది ఆగకు అంటది. ఆగితే నాకు మెమో” అన్నాడు.

“పక్కన గాదుగని ఎనకాల కూసున్న అన్నా. జేసింది నేనే” అన్నాను.

బండి మొత్తం నవ్వింది. అతను నాలుక్కరుచుకుని, “గట్లనా మేడం. అయితే ఇంకా మస్తున్నయ్ చెప్పేటియి” అన్నాడు.

నా ముందు సీట్లో ల్యాబ్‌లో ప్యాకింగ్ చేసే ఒక పెద్దామె ఉంది. సెలవు పెట్టే రోజు ఏం నొక్కుతారని అడిగాను.

“ఏం నొక్క. మీరు అడిగేది దీపం వెట్టే యాళ్లకాయె. గప్పుడు ‘రాను’ అనే మాట నా చేతులకెల్లి ఎట్లొస్తది? ఊకుంట.”

ఆమె దేవుడి ముందు దీపం పెట్టుకునే మనిషి, అక్క ప్రభువును నమ్ముకున్న మనిషి. ఇద్దరినీ ఒకే తెర నోరు కట్టేసింది. ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్ళకు ఇప్పుడు నేను మొదట చెప్పేది ఇదే: మీరు రాసిన ప్రశ్నను, దాన్ని చదవబోయే మనిషి ఎదురుగా కూర్చుని, ఆమె మాట తీరులో పైకి అడిగి చూడండి. అడిగాక నోరు మూసుకోండి. నొక్కమని నేను అక్కకు నచ్చజెప్పబోయాను చూశారూ, అది మా పనిలో పెద్ద తప్పు. తెరను వివరించాల్సి వచ్చిందంటే మార్చాల్సింది తెరను.

“ఈ యాప్ రాకముందు ఎట్ల నడిచేదక్కా?” అని శామీర్‌పేట దాటాక మా అక్కను అడిగాను.

“నడుసుడేముంది? బండి ఆగుతుండె, ఎక్కుతుంటిమి. రాని దినం అన్నకు ఒక మిస్‌డ్ కాల్ ఇస్తుంటిమి.”

“దాంతోని మంచిగుండె” అన్నాడు డ్రైవరు.

జవాబు నా చేతికి వచ్చేసింది. వచ్చేవాళ్ళను రోజూ మాట ఇమ్మని అడగాల్సిన అవసరమే లేదు. రానివాళ్ళు చెబితే చాలు. బడికి వచ్చే పిల్లవాడు రోజూ చీటీ తేడు కదా, రాని రోజే తెస్తాడు. ఏమీ చెప్పని మనిషికి నష్టం జరగకుండా చూడటం మా పనిలో సగం అని నాకు అప్పుడు అర్థమైంది. సువార్తలో గుడ్డివాడు కేకలు వేస్తూ వస్తే, అతని అవసరం కళ్ళెదుట కనబడుతున్నా, ఏం కావాలో అతన్నే అడిగాడు ప్రభువు. ఆ వాక్యం పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. నేను మాత్రం ఆ బండి ఎక్కేవాళ్ళలో ఒక్కరినీ అడగకుండానే తెర గీశాను.

ఆ పెద్దామె సంగతి కూడా చెబితే మేనేజర్ ఒక్క బండికి ఒప్పుకున్నాడు. మిగతా వారమంతా ఆ ఒక్క మార్పు మీదే ఉన్నాం. ప్రశ్న తీసేశాం. దాని స్థానంలో ఒక కబురు పెట్టాం: “రేపు ఉదయం మీ బండి గౌడవెల్లి మలుపుకు వస్తుంది.” కింద ఒకే బటన్, “రేపు సెలవు”, ‘రాను’ అనే మాట లేకుండా. నొక్కకపోతే సీటు ఉంటుంది. మేనేజర్ చదివి, “ఖాళీ సీట్లు పెరిగితే పాతదే పెడ్త” అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం అది ఆ ఒక్క బండికి చేరింది. సాయంత్రం అక్కకు ఫోన్ చేయాలనిపించింది, చేయలేదు. చేస్తే మళ్ళీ వివరించినట్టే.

శనివారం స్కూటీ మీద గౌడవెల్లి మలుపుకు వెళ్ళేసరికి అక్క టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంది. బండి రావాల్సిన సమయం దాటింది.

“ప్రార్థన జేసి వచ్చినవా, పని జేసి వచ్చినవా?” అని అడిగింది.

“రెండూ చేసినక్కా.”

“మరెందుకు వణుకుతున్నవ్?”

“సలికి.”

“సలికే” అని నవ్వింది. కానీ ఆమె కళ్ళు మేడ్చల్ వైపు రోడ్డు మీదే ఉన్నాయి. ఈ రోజు బండి ఆగకపోతే సోమవారం ఆ గాజు సామాను ఇంకొకరు కడుగుతారు. అది మా ఇద్దరికీ తెలుసు.

బండి వచ్చింది. వేగం తగ్గకుండా మమ్మల్ని దాటింది. ఇరవై అడుగులు పోయాక ఆగి, వెనక్కి వచ్చింది. డ్రైవరు తల బయటికి పెట్టి, “మాఫ్ జెయ్యున్రి, ఎద్దుల బండి అడ్డమొచ్చి మలుపు సూడలే. జల్దీ ఎక్కక్కా, నీ పేరు ఎప్పటిసంది సూపిస్తాంది” అన్నాడు. అక్క ఎక్కింది. తలుపు వేసుకుంటూ నాతో ఒకటే అంది: “అచ్చరాలు జర పెద్దగ వెట్టియ్యి చెల్లె. అద్దాలు లేకుంటే కనవడ్తలేవు.”

నేను అక్కడే స్కూటీ పక్కన నిలబడి ఉన్నాను, ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. కాసేపటికి ఫోన్ మోగింది. ల్యాబ్ గేటు దగ్గర హాజరు యంత్రం చప్పుడు వినిపిస్తోంది.

“వేలు వెట్టిన. టైముకే పడ్డది” అంది అక్క. “వందనాలు” అని, నేను బదులు చెప్పేలోపే పెట్టేసింది. ఆమెకు గాజు సామాను కడిగే పనుంది.