వదిన కుడిచెయ్యి

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. చిన్నప్పుడు ఒంట్లో బాగోక నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి బైబిలు వాక్యం, లెక్కలు, చేతికందిన పుస్తకమల్లా చదివించారు. దేవుడున్న ఇంట్లో దయ్యానికి పనేమిటి అనేవారు. ఆ మాట నాకు ఇప్పటికీ సరిపోతుంది. అందుకే ఇది రాయడానికి వెనకాడాను. చూసినంతవరకే రాస్తున్నాను.

మా అన్నయ్యది కొల్లేటి అంచున ఊరు. చేపల చెరువులు చేస్తాడు. మా అమ్మ అన్నయ్య దగ్గరే ఉండేది. పక్షవాతం వచ్చి అమ్మకు కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. ప్రాణానికి భయం లేదు గాని ఆ చెయ్యి ఇక లేవదని ఏలూరులో డాక్టరుగారు తేటగా చెప్పేశారు.

అమ్మను చూసుకున్నది మా వదిన కరుణ. ఆవిడది కామవరపుకోట వైపు మెట్ట ఊరు. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, అన్నం మెత్తగా కలిపి ముద్దలు పెట్టడం, అన్నీ ఆవిడే. విసుక్కోగా నేను వినలేదు. అమ్మ కూడా వదిన చేతి ముద్ద తప్ప ఇంకెవరిదీ తినేది కాదు. చెంచా పెడితే నాలుకతో నెట్టేసేది. నేను తాడేపల్లిగూడెం నుంచి వెళ్ళి పెట్టబోతే పెదాలు బిగించేది. కన్నకూతురినండీ, నాకే నోరు తెరవలేదు. అయినా అలాంటి కోడలినిచ్చినందుకు దేవునికి స్తుతులు చెప్పుకునేదాన్ని.

వదిన వాళ్ళమ్మగారు పోయిన కొన్నాళ్ళకు వదిన కుడిచెయ్యి పనిచేయడం మానేసింది. అది కూడా అన్నివేళలా కాదు. చీపురు పట్టేది, చేపలు తోమేది, ప్రార్థనలో పైకి లేచేది. అమ్మ కంచం ముందు కూర్చుంటే మాత్రం మణికట్టు దాకా చచ్చుబడి ఒళ్ళో పడిపోయేది. పరీక్షలన్నీ చేయించారు. నరాల్లో ఏ లోపమూ లేదన్నారు.

ఇక ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. అత్తగారి జబ్బు కోడలికి అంటుకుందని కొందరు, దయ్యమని కొందరు. అమ్మ పాలచుక్క తప్ప ఏమీ పుచ్చుకోవడం లేదు. ఇలాగే ఉంటే ముక్కులో గొట్టం వేయాల్సి వస్తుందన్నారు. అన్నయ్య భయపడిపోయి, దయ్యాలు వదిలించే చోటుకి వదినను మర్నాడే తీసుకెళ్తానన్నాడు. అక్కడ జుట్టు పట్టుకుని కొడతారని నేను విన్నాను. ఆ కబురు తెలిసి, మా అమ్మాయి హెప్సిని వెంటబెట్టుకుని బయల్దేరాను. హెప్సి సైకాలజీ చదువుతోంది.

హెప్సి వదినతో చాలాసేపు మాట్లాడి వచ్చి, అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"మనసంటే ఒక్కరుండే ఇల్లు కాదమ్మా. ఒకరు నాక్కావాలంటారు. ఇంకొకరు తప్పు, అలా అనుకోకూడదంటారు. మధ్యలో ఉన్నవాళ్ళు ఇద్దరికీ సర్దిచెప్పలేక నలిగిపోతారు. నోటితో అనలేనిది అప్పుడు ఒళ్ళు అంటుంది."

"ఆ మధ్యలోది కోడలన్నమాట," అన్నాను.

హెప్సి నవ్వింది. "పరీక్షలో ఇలా రాస్తే మార్కులేస్తారో లేదో గాని, అంతే. అత్తకి అమ్మమ్మ మీద కోపం ఉంది. ఉన్నట్టు అత్తకే తెలీదు. ఆ కుడిచేత్తో అన్నం పెట్టడం లోపల ఎవరికో ఇష్టం లేదు. ఎడం చేత్తో పెట్టమని చెప్పాను."

మా ఇళ్ళల్లో ఎడమచేత్తో కుక్కకి కూడా అన్నం పెట్టరు. వదిన కూడా అదే అంది. "పెద్దావిడకి ఎడం చేత్తోనా? పాపం చుట్టుకుంటుందే."

"చుట్టుకుంటే నాకు చుట్టుకోనీ అత్తా. నాకింకా పెళ్ళి కాలేదు, తీరికే," అంది హెప్సి.

మధ్యాహ్నం. పప్పన్నం మెత్తగా కలిపిన కంచం మంచం మీద, అమ్మ పక్కన ఉంది. వదిన ఎడమచేత్తో ముద్ద తీసి అమ్మ నోటి దగ్గర పెట్టింది. అమ్మ ఆ చేతిని చూసి పెదాలు బిగించింది. వదిన చెయ్యి వెనక్కి తీయలేదు.

"ఇదే ఉందండీ అత్తయ్యగారూ నాకు. తింటే తినండి, లేకపోతే మానేయండి."

ఆవిడ నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. తరవాత గొంతు పెంచకుండానే చెప్పుకుపోయింది. "ఆ రోజు మా అమ్మ నన్ను చూడాలందంట. బస్సుకి బయల్దేరాను. మీరు నా చెంగు పట్టుకున్నారు. నిద్రపోయాక వెళ్దామని కూర్చున్నాను. మీరు నిద్రపోలేదు. నేను వెళ్ళేసరికి ఆవిడ లేదు. మీ మీద నాకు కోపంగా ఉందండీ. మీరు పోతే బాగుండునని కూడా అనిపించింది. అలా అనిపిస్తుంటే మీ నోట్లో ముద్దలు పెట్టాను."

గుమ్మంలో నిలబడ్డ అన్నయ్య ముందుకు రాబోయాడు. హెప్సి చెయ్యి అడ్డం పెట్టింది. నాకైతే కోపం రాలేదు. ప్రార్థనలో దేవుని మీదే అలిగేవాళ్ళను చూశాను. అలిగినవాళ్ళే ఆయన్ను వదలకుండా పట్టుకునేది.

అప్పుడు అమ్మ కుడిచెయ్యి కదిలింది. డాక్టరుగారు లేవదన్న చెయ్యి. దుప్పటి మీద నుంచి జరిగి కంచంలోకి వెళ్ళింది. వేళ్ళు అన్నాన్ని దగ్గరకు తీసి ముద్ద చేశాయి. బొటనవేలు ముద్ద మీద నొక్కి చిన్న గుంట చేసింది. చెయ్యి లేచి వదిన నోటి దగ్గర ఆగింది. అమ్మ ముఖం నాకు బాగా గుర్తు. ఆవిడ కూడా ఆ చేతిని చూస్తోంది, అదెవరిదో అన్నట్టు.

వదిన నోరు తెరిచింది. నమిలి మింగింది. చెయ్యి ధబ్బున మంచం మీద పడిపోయింది.

కాసేపటికి అమ్మ నోరు తెరిచింది. వదిన ఎడమచేత్తోనే ముద్ద పెట్టింది. అమ్మ కంచంలోది మిగల్చకుండా తింది. అన్నయ్య గుమ్మంలోనే కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ప్రయాణం మాట మళ్ళీ ఎత్తలేదు. మరికొన్నాళ్ళకే వదిన కుడిచెయ్యి కూడా కంచం ముందు మామూలుగా పనిచేసింది.

అమ్మ చెయ్యి కదిలిన రోజు సాయంత్రమే పెరట్లో నేనే అడిగాను. "వదినా, అమ్మ ముద్దకి గుంట ఎందుకు నొక్కిందంటావు?"

వదిన నా వంక వింతగా చూసింది. "నువ్వూ చూశావా? మా అమ్మ అలా నొక్కేది. ఆ గుంటలో నెయ్యి చుక్క వేసి నాకు పెట్టేది. ఈ ఇంట్లో నేనెవరికీ చెప్పలేదే."

నేను మా అమ్మ చేతి ముద్దలు తిని పెరిగాను. అవి ఉత్త గుండ్రటి ముద్దలు. ఆవిడ ఏనాడూ గుంట నొక్కలేదు.

డాక్టరుగారు మళ్ళీ పరీక్షించి, చేతిలో మార్పేమీ లేదన్నారు. ఒక్కోసారి దానంతటదే అదురుతుందన్నారు. అదురు ముద్ద చేస్తుందాండీ అని అడిగాను. ఆయన మందుల చీటీ రాసిచ్చి తరవాతి రోగిని పిలిచారు. హెప్సిని అడిగితే, "అత్త చెయ్యి సంగతి చెప్పగలనమ్మా. అమ్మమ్మ చెయ్యి సంగతి నన్నడక్కు," అంది.

అమ్మ తరవాత చాలాకాలమే బతికింది. కడదాకా వదినే ముద్దలు పెట్టింది. అమ్మ కుడిచెయ్యి మాత్రం మరి కదల్లేదు.

అది దయ్యమని నేననను. ఏమిటో కూడా చెప్పలేను. రోజూ ప్రార్థనలో ఆ ముద్దకు కృతజ్ఞత చెప్పుకుంటాను. మా అమ్మ పేరు చెప్పాలో, వదిన వాళ్ళమ్మగారి పేరు చెప్పాలో తెలియక, పెట్టిన ఆ చేతిని దీవించు ప్రభువా అని ఊరుకుంటాను.