మీది ఏ నక్షత్రం?

మొన్న శనివారం నక్షత్రాలు చూద్దామని ఉయ్యూరు అవతల దాకా వెళ్ళి, ఒక్కటంటే ఒక్కటి చూడకుండా వచ్చాను. పైగా వాళ్ళే నా నక్షత్రం చూశారు. వాళ్ళెవరంటారా, అక్కడికే వస్తున్నా, ముందు టీ తాగండి.

మీకు తెలుసుగా, నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. జాతకాలు, ముహూర్తాలు అంటే ఒళ్ళు మంట. మా ఆవిడ సునీతతో రోజూ అదే గొడవ. అందుకే మన విజయవాడలో ఆకాశం చూసేవాళ్ళ క్లబ్బు ఒకటుందని తెలియగానే చేరిపోయాను. సెక్రటరీ మూర్తి గారు ఫోన్‌లోనే రూల్స్ చెప్పారు. "సిటీ లైట్ల వెలుగులో ఏమీ కనపడవు సార్. ఉయ్యూరు దాటాక చెరుకు తోటల్లోకి రండి. కాలవ గట్టు పక్కన ఎర్ర లైటు కనిపిస్తుంది, అదే మేము. తెల్ల లైటు వెయ్యకూడదు, కళ్ళు చీకటికి అలవాటు పడాలి. ఫోన్ ఆఫ్ చేసెయ్యండి."

చేసేశాను. అంత బుద్ధిమంతుణ్ణి మరి.

బండి రోడ్డు మీదే పెట్టి డొంకలో నడుస్తున్నా. టైము ఎనిమిది కూడా కాలేదు గానీ కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. రెండు పక్కలా నా తలకన్నా ఎత్తున చెరుకు. గాలి లేదు. అయినా లోపల ఎక్కడో ఆకులు గరగరలాడుతున్నాయి. నేను ఆగితే అదీ ఆగుతోంది. పందికొక్కు అయ్యుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను, పైకి, కాస్త గట్టిగానే.

అంతలో ఎర్ర లైటు కనిపించింది. ప్రాణం లేచొచ్చింది.

నలుగురు మగాళ్ళు. టార్చికి ఎర్ర గుడ్డ చుట్టి నేలకేసి పెట్టారు. మధ్యలో మోకాలి లోతు గొయ్యి, పక్కన గడ్డపార. టెలిస్కోప్ స్టాండ్ కదలకుండా పాతుతారు కాబోలు అనుకున్నా. కాళ్ళు కట్టేసిన నాటుకోడి ఒకటి నాకేసి చూస్తోంది. డిన్నర్ కూడా ఉందన్నమాట, మంచి క్లబ్బే.

"కొత్తగా చేరానండీ," అన్నాను మెల్లిగా.

లావుపాటాయన ఒకడు నన్ను ఎగాదిగా చూశాడు. "గురువు ఎప్పుడొస్తాడో నీకేమన్నా తెలుసా?"

గురువంటే నాకు జూపిటరే. పొద్దున్నే చార్టు చూసి వచ్చానాయె. "ఎనిమిదిన్నరకల్లా వచ్చేస్తాడండీ, తూర్పు నుంచి," అన్నాను.

నలుగురూ తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టారు. ఇంత భక్తిగా సైన్సు చేసేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు.

అప్పుడు వాళ్ళలో పెద్దాయన, తెల్ల మీసాలాయన, దగ్గరకొచ్చి నా చెవిలో అడిగాడు. "మీది ఏ నక్షత్రం బాబూ?"

ముందు దేన్ని చూస్తావని అడుగుతున్నాడనుకున్నా. నాకు ఎప్పట్నుంచో ఆ ఎర్రటి చుక్క మీద మనసు. "రోహిణి అండీ."

నలుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కోడి కూడా కదలడం మానేసింది.

"స్వామి మాట పొల్లుపోలేదు," అన్నాడు పెద్దాయన. "రోహిణిలో పుట్టినవాడు తనంతట తానే నడిచొస్తాడన్నాడు. దిగు బాబూ. నిధి మీద మొదటి చెయ్యి నీదే పడాలి."

నిధి అన్నాక అప్పుడు చూశాను, నిమ్మకాయలు, కుంకుమ, గొయ్యి చుట్టూ ముగ్గు. "చెయ్యి పెట్టినవాడికి ఏమవుతుందండీ?"

"అది స్వామి చెప్పలేదు."

లావుపాటాయన భుజం మీద చెయ్యేసి నెట్టాడు. నా కాలొకటి గోతిలో పడింది. మట్టి చచ్చేంత చల్లగా ఉంది. మడమ కింద ఏదో టక్‌మంది, లోపల్నుంచి ఎవరో తలుపు కొట్టినట్టు. కాలు కదపకుండా నిలబడితే మళ్ళీ టక్‌మంది.

ఇరవై ఏళ్ళుగా చెప్తున్న ఫిజిక్సు ఒక్క ముక్క గుర్తురాలేదు. మా అమ్మ చెప్పిందే గుర్తొచ్చింది. "నాది రోహిణి కాదండీ బాబోయ్, మూల. మూల మొదటి పాదం. పుట్టగానే శాంతి చేయించారు. మా నాన్న ముందు నూనెలో నా నీడ చూశాకగానీ నన్ను ఎత్తుకోలేదు."

లావుపాటాయన చుర్రున కాలినట్టు చెయ్యి లాక్కున్నాడు. "మూలవాడు కాలు పెట్టాక ఇంక నిధి ఉంటుందా," అని నెత్తి కొట్టుకున్నాడు. ఇంకొకడు గడ్డపార అందుకున్నాడు. పెద్దాయనే అడ్డమొచ్చి, నన్ను రెక్క పట్టుకుని డొంక దాకా లాక్కొచ్చి వదిలాడు. కాలవ అవతలి గట్టు మీద ఇంకో ఎర్ర లైటు, ఎవరో నవ్వుకుంటున్నారు. అదీ మన క్లబ్బు. అటు వెళ్ళే ఓపిక నాకెక్కడిది.

"బాబూ," అన్నాడు పెద్దాయన వెనకనుంచి. "నిధికి కాపలా ఒకటి ఉంటుంది. నీ వెంట పడిందేమో. కాళ్ళు కడుక్కుని గుమ్మం ఎక్కు. వెనక్కి మాత్రం చూడకు."

ఉయ్యూరు నుంచి ఇంటి దాకా బండి అద్దంలోకి చూడలేదు. బయట కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాను. డౌటొచ్చి ఇంకోసారి కడుక్కున్నాను. సునీత తలుపు తీసింది.

"ఏం చూశారండీ?"

"నేను చూసింది తర్వాత," అన్నాను. "ముందు నా వెనకాల ఎవరన్నా ఉన్నారేమో నువ్వు చూడు."