పొలం పాట ఏ శాఖది?

ఎనభైల మొదట్లో మా అమలాపురం కాలేజీలో అమెరికా మీద పరిశోధన చేస్తున్నవాళ్ళం ముగ్గురం ఉండేవాళ్ళం. అమెరికా మాట దేవుడెరుగు, మాలో ఒకాయన మద్రాసు కూడా చూడలేదు. నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని, నా డాక్టరేట్ అక్కడి నవలల మీద. మద్రాసు చూడనాయన రాజోలు నుంచి బస్సులో వచ్చే ఎకనామిక్స్ మాస్టారు. ఆయనది అక్కడి కౌలు రైతుల మీద. మూడో ఆవిడ హిస్టరీ చెప్పేది. అల్లవరం దగ్గర ఊరు, తరతరాలుగా చేలో కూలికెళ్ళిన క్రైస్తవ కుటుంబం. అందులో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. అమెరికా పత్తిచేలల్లో నల్లజాతివాళ్ళు పనిచేస్తూ పాడుకున్న పాటలు ఆవిడ విషయం.

చిక్కంతా ఆ పాటలతోనే వచ్చింది. చరిత్ర శాఖవాళ్ళు పాటలంటే సాహిత్యం కదా అన్నారు. ఇంగ్లీషు శాఖవాళ్ళు ఇందులో కూలి రేట్ల గొడవ ఉంది, ఎకనామిక్స్‌కి చూపించుకోండి అన్నారు. ఎకనామిక్స్ వాళ్ళు పాట అన్న మాట చూడగానే కాగితాలు తిప్పి పంపేశారు. చివరికి ఆవిడ గైడుగారు ఒక మాట తేల్చేశారు. మా కాలేజీలో జరగబోయే సెమినార్‌కి యూనివర్సిటీ నుంచి పెద్ద ప్రొఫెసర్ ఒకాయన వస్తున్నారు, ఆయన ఒప్పుకుంటే సరే, లేకపోతే విషయం మార్చుకుని మళ్ళీ మొదటికి రావలసిందే. ఏళ్ళ తరబడి చేసిన పని. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

శనివారం మధ్యాహ్నాలు స్టాఫ్ రూములో కూర్చుని మేం రాసినవి ఒకళ్ళకొకళ్ళు వినిపించుకునేవాళ్ళం. మొదట్లో ఎవరిది వాళ్ళే చదివేవాళ్ళం, మిగతా ఇద్దరూ కునుకు తీసేవాళ్ళు. మాస్టారైతే గురక కూడా పెట్టేవారు. అది భరించలేక నేనే పద్ధతి మార్చాను. ఎవరి అధ్యాయం వాళ్ళు చెప్పకూడదు, పక్కవాళ్ళది చదువుకొచ్చి చెప్పాలి, రాసినవాళ్ళు నోరు మూసుకుని వినాలి. ఇక నిద్రెక్కడిది? నా నవలలో కథానాయకుడి పొలం దిగుబడి మాస్టారు లెక్కగట్టి, వాడు రెండో ప్రకరణంలోనే దివాలా తియ్యాలని తేల్చారు. నేను కౌలు పద్ధతుల గురించి చెబుతుంటే ఆయన కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయేవారు. పాటలు కూడా ఆయన వంతుకే ఎక్కువగా వచ్చేవి. పుస్తకంలో మాటలే ఉంటాయి, బాణీ ఉండదు. ఆయన తనకు తోచిన బాణీ కట్టి, బల్ల మీద దరువేస్తూ పాడేవారు. అటెండరు వచ్చి తలుపు దగ్గరగా వేసి వెళ్ళేవాడు.

సెమినార్ రోజు రానే వచ్చింది. పెసరట్టు ఉప్మా తిన్న ప్రొఫెసర్‌గారు హుషారుగానే ఉన్నారు. మా హిస్టరీ ఆవిడ ఇంగ్లీషులో చక్కగా మొదలుపెట్టింది. కాసేపటికి ఆయన ఆపి, కూలికీ పాటకీ సంబంధం ఏమిటని అడిగారు. ఆవిడ నోరు తెరిచేలోపు నేను లేచి నిలబడ్డాను. శనివారాల అలవాటు, ఏం చేస్తాం. కౌలు, కూలి, పంట వాటా అన్నీ గడగడా అప్పజెప్పేశాను. మరి పాట నడక ఎలా ఉంటుందని ఆయన అన్నారో లేదో, మాస్టారు లేచి బల్ల మీద దరువేసి ఒక చరణం ఎత్తుకున్నారు. హాలంతా నవ్వులు. ప్రొఫెసర్‌గారూ నవ్వారు. గెలిచేశామనుకుని ఇద్దరం దర్జాగా కూర్చున్నాం.

ఆయన కళ్ళజోడు తీసి ఆవిడ వైపు తిరిగారు.

"లెక్కలు ఇంగ్లీషు మేడంగారు చెప్పారు. పాట మాస్టారు పాడారు. మరి ఇందులో మీదంటూ ఏముందమ్మా?"

సాయం చేస్తున్నామనుకుంటూ ఆవిడకి మాటన్నదే మిగల్చలేదు మేం. మాస్టారు తల దించుకున్నారు.

ఆవిడ కాగితాలు పక్కన పెట్టేసి తెలుగులోకి దిగింది.

"వాళ్ళు ఎందుకు పాడేరో వీళ్ళిద్దరూ చెప్పేరండి. ఎందుకు మానేసేరో నేను రాసేనండి, అది వీళ్ళింకా చదవలేదండి. చేలొదిలి పట్నాలకెళ్ళేక ఆ పాటలు పోయేయని పుస్తకాలన్నీ బాధపడతాయండి. నాకు మాత్రం బాధనిపించలేదండి. మా అమ్మ ఊడ్పులకెళ్ళినన్నాళ్ళూ పాడిందండి. నాకు ఉద్యోగం వచ్చి తను చేలోకెళ్ళడం మానేసేక, ఒక్క పాటా పాడలేదండి. మర్చిపోయేవా అమ్మా అనడిగేను. మర్చిపోలేదే, నడుం నొప్పి లేదు కదా, ఇంకెందుకూ అంది. అమెరికా చేలల్లో చేసిన ఆడవాళ్ళ మాటల్లోనూ నాకు ఇదే కనపడిందండి. ఇది ఏ శాఖలోకొస్తుందో మీరే చెప్పాలండి."

నాకు కళ్ళు మసకబారాయి. ఎన్నో శనివారాలు ఆ పాటల గురించి వాగిన నాకు, వాటిని మానెయ్యడంలో ఒక మనిషి సుఖం ఉండొచ్చని తట్టనే లేదు.

"ఏ శాఖలోకొస్తుందో నాకూ తెలీదమ్మా," అన్నారు ప్రొఫెసర్‌గారు. "మీ అమ్మగారి మాట మొదటి పేజీలో పెట్టి పని పూర్తి చెయ్యండి. మీ గైడుగారితో నేను మాట్లాడతాను."

"ఆయ్," అంది ఆవిడ తలూపుతూ. వచ్చి నా పక్కన కూర్చుంది. నేను చెయ్యి పట్టుకుంటే నవ్వింది.