బేస్ గిటారుకు అమ్మ పాట

పగలంతా టైల్స్ పరిచి, సాయంత్రం బేస్ గిటారు పట్టుకునే మేస్త్రిని గుడియాత్తంలో నేనొక్కణ్ణేనని నా గొప్ప. గురువు లేడు. బేస్ ఒక్కటి తీసేసి మిగతా వాద్యాలన్నీ ఉంచిన ట్రాకులు ఫోనులో పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆ ఖాళీలో వాయించేవాణ్ణి. పాట నాకొక్కడికే వినిపించేది. బయటికి మాత్రం నా చిన్న స్పీకరులోంచి దుబ్ దుబ్ అన్న చప్పుడే. "గోడ పగలగొడతా ఉండారా?" అని పక్కింటామె రెండుసార్లు వచ్చి అడిగింది.

ఏడాది తిరిగేసరికి ముప్పై పాటలు తప్పుల్లేకుండా వచ్చేశాయి. ఇంకేం, కళ్ళు నెత్తికెక్కాయి. వేలూరులో పెళ్ళిళ్ళకు పాడే ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు మానేశాడని తెలిసి పరిగెత్తాను. ఆ చోటు నాకు ఎంత కావాలనిపించిందంటే, రెండు రోజులు అన్నం సహించలేదు.

రిహార్సల్లో పరువు పోయింది. పాడే ఆమె చరణం ముందు ఒక మాటను సాగదీసి గుక్క తిప్పుకుంది. డ్రమ్ముతో సహా అందరూ ఆగారు. నేను అప్పటికే చరణంలో ఉన్నాను. బృందాన్ని నడిపే కీబోర్డు ఆయన చెయ్యెత్తాడు.

"చెయ్యి బాగుండాది తంబీ. అయితే ఆయమ్మను వదిలేసి నువ్వొక్కడివే పోతా ఉండావే! ఆదివారం మీ ఊర్లోనే రిసెప్షను ఉండాది. దాంట్లో చూసి చెప్తా."

ఇంటికొచ్చి ఆ పాడే ఆమెను తిట్టిపోశాను. వేరుశనక్కాయలు ఒలుస్తున్న అమ్మ అంతా విని, హెడ్‌ఫోన్లు అడిగి పెట్టుకుంది. కాసేపటికి తీసేసింది.

"దీంట్లో మనిషి యాడ ఉండాది నాయనా? ఇది నీకోసరం ఆగదు, నువ్వు దానికోసరం ఆగే పన్లేదు."

అమ్మ మిద్దెలు దంచిన మనిషి. కప్పు మీద సున్నమూ ఇటుక ముక్కలూ పరిచి, ఆడవాళ్ళు వరుసగా కూర్చుని, ఒకామె పాట ఎత్తుకుంటే అందరూ కలిసి చెక్కలతో దంచేవాళ్ళు. ఎత్తుకునేది అమ్మే.

"నేను పాడతా, నువ్వు కొట్టు" అంది.

ఎక్కడ పడితే అక్కడ ఆగేది. ఒకసారి గింజ నోట్లో వేసుకుని, నమిలి మింగాక మరీ ఎత్తుకుంది. నేను ముందుకు దూకిన ప్రతిసారీ మోకాలి మీద ఒక్కటి వేసేది. "నా పక్క చూడు. ఊపిరి తీస్తే భుజం లేస్తాది. అప్పటిదాకా ఆగల్ల." నాలుగు సాయంత్రాలు ఇదే చదువు. నవ్వీ నవ్వీ ఇద్దరికీ కడుపునొప్పి పుట్టేది.

ఆదివారం అదే పాట మధ్యలో పెళ్ళికూతురి తాత వేదిక ఎక్కి, పాడే ఆమెకు శాలువా కప్పబోయాడు. ఆమె అదే మాట పట్టుకుని సాగదీస్తోంది. వేళ్ళు తీగ మీదే ఉంచి ఆమె భుజం వైపు చూస్తూ ఆగాను. శాలువా సర్దుకుని ఊపిరి తీసింది. ఇద్దరం ఒకేసారి దిగాం. ఒళ్ళు జల్లుమంది.

పాట అయ్యాక, కీబోర్డు ఆయన నోరు తెరవకముందే ఆమె మైకు మూసి వెనక్కి తిరిగింది.

"ఈ అన్ననే పెట్టుకోండి సార్. ఈ పొద్దు నాకు భయం లేకుండా పాడినట్టు ఉండాది."

ఆయన సరేనన్నాడు. పొగడ్తంటే చెవి కోసుకునే నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. రిహార్సల్ రోజు ఇంట్లో నేను తిట్టింది ఆమెనే.