బొట్టు పెట్టిన తూకంరాయి

మా చెల్లె మొగుడు పనిచేసేది రైస్ మిల్లులో. కానీ దాన్ని మిల్లు అంటే దాని యజమాని సేఠ్‌కు కోపం. కంపెనీ అనాలి. బాన్సువాడ నుంచి పిట్లం వెళ్లే రోడ్డు మీద, ఊక బూడిద పడి రంగు మారిన వేపచెట్ల వెనక, లారీ అంత బోర్డు ఒకటి కనిపిస్తుంది. దాని మీద ఆగ్రో అని, ఇండస్ట్రీస్ అని, ప్రైవేట్ లిమిటెడ్ అని రాయించుకున్నాడు. లోపల జరిగేది మాత్రం వడ్లు ఉడకబెట్టడం, ఆరబోయడం, మర పట్టడం. మా అవ్వ పెరట్లో కాగు పెట్టి చేసిన పనే. మా అవ్వ బోర్డు పెట్టుకోలేదు, ఎవరి ప్రాణాల మీదికీ తేలేదు.

నాది బస్టాండు దగ్గర కుక్కర్లు, మిక్సీలు బాగుచేసే చిన్న దుకాణం. చెల్లె మొగుణ్ణి నేను బావా అంటాను, అతను నన్నూ బావా అనే అంటాడు. అతను బాయిలర్ ఆపరేటర్. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు. ఆ సర్టిఫికెట్‌కు సేఠ్ ఫ్రేము కట్టించి తన ఆఫీసు గోడకు తగిలించాడు. అది తనకు దక్కిన గౌరవం అనుకున్నాడు మా బావ. రేపు ఏదన్నా అయితే తప్పు ఎవరిదో చూపించడానికి అనుకున్నాను నేను. "నీకు అందరి మీద అనుమానమే అన్నా" అంది చెల్లె. ఆమె కూడా ఆ మిల్లులోనే వడ్లు ఆరబోసే పనికి పోతుంది.

పోయిన యాసంగి కోతలప్పుడు బాయిలర్ మీది సేఫ్టీ వాల్వ్ పాడైంది. లోపల ఆవిరి హద్దు మీరితే తనంత తానే తెరుచుకొని దాన్ని బయటికి వదలడం ఆ వాల్వ్ పని. అది హద్దుకు చాలా ముందే తెరుచుకొని బుస్సుమనడం మొదలుపెట్టింది. ఆవిరి చాలక ఉడకడం ఆలస్యమైంది. గేటు బయట కోటగిరి దిక్కు నుంచి వచ్చిన వడ్ల ట్రాక్టర్లు బారులు తీరాయి. వాల్వ్ బాగుచేయించాలంటే మంట ఆర్పి, బాయిలర్ చల్లారనిచ్చి, మిల్లు బంద్ పెట్టాలి. సీజన్‌లో బంద్ అనే మాట సేఠ్ చెవిన పడితే తల్లిని తిట్టినంత మంట. అందుకని కాంటా దగ్గరి నుంచి ఒక పాత తూకంరాయి తెప్పించాడు. మనిషి రెండు చేతులతో ఎత్తాల్సిన ఇనుప రాయి. దాన్ని వాల్వ్ కడ్డీకి తీగతో వేలాడదీయించాడు. బుస్సు ఆగిపోయింది. ఇక లోపల ఆవిరి ఎంత పెరిగినా ఆ వాల్వ్ నోరు తెరవదు.

అంతటితో ఆగితే అతను సేఠ్ ఎందుకవుతాడు? శుక్రవారం పూజారిని పిలిపించి, ఆ తూకంరాయికి పసుపు రాయించి, కుంకుమ బొట్టు పెట్టించి, బాయిలర్ ముందు కొబ్బరికాయ కొట్టించాడు. హమాలీలకు పేడాలు పంచాడు. మా దగ్గర పనిముట్టు అంటే దేవుడే. దసరాకు నా దుకాణంలో డ్రిల్లింగ్ మిషన్‌కు నేనూ బొట్టు పెడతాను. బొట్టు పెట్టినదాన్ని కాలితో తాకం, ఊడబీకి మూలకు విసరం. ఆ సంగతి సేఠ్‌కు బాగా తెలుసు. తన దొంగపనికి దేవుణ్ణి కాపలా పెట్టాడు.

ఈ సంగతి నాకు చెల్లె ద్వారా తెలిసింది. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్తే, రొట్టె వడ్డిస్తూ, నిన్న వాన పడింది అన్నంత మామూలుగా చెప్పింది. నేను పల్లెం పక్కకు జరిపాను.

"ఎవరు ఏలాడదీసిండ్రు?" అన్నాను.

"నేనే" అన్నాడు మా బావ, పల్లెంలోంచి తల ఎత్తకుండా.

"తీసెయ్."

"ఎట్ల తీస్త బావా? సేఠ్ ఊకుంటడా?"

"ఊకోకుంటే ఏం జేస్తడు? అది పేలిన్నాడు సేఠ్ ఏసీ రూముల ఉంటడు. నువ్వు దాని ముందట ఉంటవు."

"సీజన్ అయినంక కొత్తది ఏస్తనన్నడు."

"సీజన్ అయ్యేదాక ఆగుమని బాయిలర్‌కు చెప్పిండా మరి?"

అతను నవ్వలేదు. సేఠ్ పురాణం ఎత్తుకున్నాడు. బిడ్డకు జ్వరం ముదిరితే నిజామాబాద్ దవాఖానకు తన కారు ఇచ్చాడట. గృహప్రవేశానికి వచ్చి అందరితో కలిసి కూర్చొని తిన్నాడట. పదిమందిలో "గీడు మా ఇంటి మనిషి" అంటాడట. ఆ గృహప్రవేశంలో నేనూ ఉన్నాను. సేఠ్ తిన్నది ఒక లడ్డూలో సగం. మిగతా సగం విస్తట్లో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆ సగం లడ్డూకు మా బావ తన ప్రాణాన్ని తాకట్టు పెట్టినట్టు మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. కారు ఇచ్చిన మాట నిజమే. కాకపోతే ఆ తర్వాత మా బావ ఏ పండక్కు సెలవు అడిగినా "కారు యాదికుందా" అని అడిగేవాడు. చేసిన మేలును పలుపులాగా మెడకు కట్టి లాక్కుపోయేవాణ్ణి నేను ఇతన్నే చూశాను.

ఇదే దయామయుడు, ఆవిరికి చెయ్యి కాలిన బీహారు హమాలీని బస్సెక్కించి పంపేశాడు. దవాఖానకు కాదు, వాళ్ల ఊరికి. తప్పంతా అతనిదేనని మిగిలినవాళ్లకు చెప్పాడు. బస్సు వచ్చేదాకా ఆ చేతికి తడిగుడ్డ చుట్టి కూర్చున్నది మా బావే. అది గుర్తుచేశాను. అతను సగం రొట్టె వదిలేసి లేచాడు.

నేను అధికారులకు చెప్తానన్నాను. చెల్లె రెండు చేతులూ జోడించింది. "ఆళ్లు జీపు ఎక్కకముందే సేఠ్‌కు ఫోన్ వస్తది అన్నా. ఆళ్లు వచ్చేసరికి ఆ రాయి దిగుతది, పోంగనే మళ్ల ఎక్కుతది. మధ్యల మా బతుకు బజారుల పడ్తది" అంది. ఇక్కడ పని మానేసినవాడికి చుట్టుపక్కల ఏ మిల్లులోనూ పని దొరకకుండా చేస్తానని సేఠ్ చాలాసార్లు అన్నాడట. ఆ మాట ఉత్తదని నేను చెప్పలేకపోయాను. ఈ సేఠ్‌లంతా వడ్ల దగ్గర కొట్టుకుంటారు, మనిషిని తొక్కే దగ్గర ఒక్కటవుతారు.

అయినా నేను ఊరుకునే రకం కాదు. కనిపించినప్పుడల్లా మా బావను పొడిచేవాణ్ణి. అతను నా దుకాణం వైపు రావడమే తగ్గించాడు.

అట్లాంటి రోజుల్లో సేఠ్ డ్రైవర్ ఒక కుక్కర్ పట్టుకొని వచ్చాడు. సేఠ్ ఇంటిది. విజిల్ సరిగా రావడం లేదట. నేను ఇంకా మూత తిప్పి చూస్తుండగానే సేఠ్ ఫోన్. "విజిలు, వాల్వు, రబ్బరు అన్నీ కొత్తయి ఎయ్యి. ఇంట్ల ఆడోళ్లు భయపడుతున్నరు. ఇసుంటి పనులల్ల లేట్ చెయ్యొద్దు" అన్నాడు. లేట్ చెయ్యొద్దట! నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు. అన్నీ కొత్తవి వేసి పంపించాను. ఆ పాత విజిల్ జేబులో పెట్టుకొని, పని దిగి ఇంటికి పోతున్న మా బావను రోడ్డు మీదనే పట్టుకున్నాను.

"గిది మీ సేఠ్ ఇంటిది. మంచిగ తుడిస్తే ఇంకొన్ని దినాలు నడుస్తుండె. ఒక్క పూట ఆగలే నీ సేఠ్" అన్నాను.

"ఇంట్ల ఆడోళ్లుంటరు గద బావా."

"మరి మిల్లుల ఎవరుంటరు? నా చెల్లె పగటి బువ్వ ఏడ కూసొని తింటది?"

ఎక్కడ తింటుందో మా ఇద్దరికీ తెలుసు. వడ్లు ఆరబోసే ఆ గచ్చు మీద ఒక్క చెట్టు లేదు. మధ్యాహ్నం నీడ అంటూ ఉన్నది బాయిలర్ షెడ్డు గోడకే. ఆడవాళ్లంతా ఆ గోడకు వీపు ఆనించి డబ్బాలు విప్పుతారు. గోడకు అవతలే బాయిలర్.

మా బావ మొహం నల్లబడింది. "నాకు తెల్వదా బావా? ఆవిరి మీటరు మీదికెళ్లి చూపు తిప్పుతలేను. బువ్వ కూడ సయిస్తలేదు" అన్నాడు.

"మరి తీసెయ్యరాదూ!"

అతను రోడ్డుకు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "ఒకనాడు ఎక్కిన. తీగ మీద చెయ్యి ఏసిన. కుంకుమ ఏలుకు అంటింది. చెయ్యి ఎనుకకు తీస్కోని దిగిన. బొట్టు పెట్టినదాన్ని ఎట్ల తీస్త బావా? తీసినంక ఇంట్ల ఏమన్నయితే?"

ఇన్నాళ్లూ నేను సేఠ్ గురించి వాదిస్తున్నాను. ఇతను సేఠ్ భయాన్ని ఎప్పుడో దాటేశాడు. తూకంరాయి దగ్గర ఆగిపోయాడు! నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ సేఠ్ మీద, ఆ పూజారి మీద, ఇంత చదివి సర్టిఫికెట్ తెచ్చుకొని కుంకుమకు వణికే ఈ మనిషి మీద.

"ఏంది, అండ్ల దేవుడు దిగొచ్చి కూసున్నడా?" అని అరిచాను. "వినాయకుణ్ణి తొమ్మిది దినాలు మొక్కి నీళ్లల్ల ఏస్తలేమా? వ్రతం అయినంక కలశం కదిలిస్తలేమా? నువ్వు కూడ నాలుగు అక్షింతలు చల్లి ఉద్వాసన చెప్పు నీ దేవునికి! సాగనంపు!"

నేను వెక్కిరించాను. అతను వెక్కిరింపు వినలేదు. నడుస్తున్నవాడు నిలబడిపోయి, నా మొహంలోకి చూసి, "చెప్పొచ్చా?" అని అడిగాడు.

నా వెటకారం ఒకరికి పనికొచ్చింది ఆ ఒక్కసారే. "చెప్పొచ్చు" అన్నాను, పెద్ద శాస్త్రం తెలిసినవాడిలాగా.

ఇద్దరం వాళ్లింటికి వెళ్లి చెల్లెకు చెప్తే ఆమెకు ఇదేమీ వింతగా తోచలేదు. పూజారి కావాలా అని మా బావ అడిగితే, "ఎందుకు? ఇంట్ల అన్ని పూజలకు ఉద్వాసన నేనే చెప్తలేనా?" అంది. మర్నాడు టిఫిన్ డబ్బా మూతలో ఇన్ని పసుపు బియ్యం పెట్టుకొని పనికి పోయింది. నేను మధ్యాహ్నం దుకాణం మూసి మిల్లుకు వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ అడిగితే చెల్లెకు మందుబిళ్లలు ఇవ్వడానికి వచ్చానన్నాను.

మా బావ ముందే బాయిలర్ పొయ్యిలో ఊక వేయడం ఆపాడు. మంట తగ్గి, మీటరులో ముల్లు కిందికి దిగేదాకా కళ్లార్పకుండా చూశాడు. అప్పుడు ఇద్దరూ ఇనుప నిచ్చెన దగ్గరికి వెళ్లారు. చెల్లె కింద నిలబడి తూకంరాయి మీదికి అక్షింతలు విసిరింది. "ఉన్నన్ని దినాలు సల్లగ ఉన్నవు. ఇగ నీ తావుకు నువ్వు పో తల్లీ" అంది. కాంటా రాయిని తల్లీ అన్నందుకు నాకు నవ్వు తన్నుకొచ్చింది. వాళ్ల మొహాలు చూసి ఆపుకున్నాను. మా బావ పైకెక్కి, రాయిని ముందుగా ఇంత కదిలించాడు, పూజలో కలశాన్ని కదిపినట్టు. కాసేపు ఆగాడు. ఆ తర్వాత తీగ తెంపి, దాన్ని పొట్టకు ఆనించుకొని ఒక్కో మెట్టే దిగి, గోడ మూలకు నెమ్మదిగా దించాడు. తన స్టూలు మీద కూర్చున్నాడు, మంట మాత్రం వేయలేదు. చెల్లె బయటికి పోయి, గోడ దగ్గర మిగిలిన ఆడవాళ్ల పక్కన డబ్బా విప్పింది.

ఆవిరి అందక లోపల పని ఒక్కొక్కటే ఆగింది. సేఠ్ ఆఫీసులోంచి ఊడిపడ్డాడు. బాయిలర్ షెడ్డు గుమ్మం బయట నిలబడి, "ఎందుకు ఆపినవ్‌రా?" అన్నాడు. ఆ తర్వాత పైకి చూశాడు. ఖాళీగా ఉన్న వాల్వ్ కడ్డీని చూసి, "ఎవడు తీయమన్నడు దాన్ని? మళ్ల పెట్టు" అని అరిచాడు. హమాలీలు బస్తాలు దించి చూస్తున్నారు. గోడ పక్కన ఆడవాళ్లు తినడం ఆపారు.

"పెడ్త సేఠ్" అన్నాడు మా బావ. కానీ అతను లేచి, తను కూర్చున్న స్టూలును పక్కకు జరిపి చేత్తో తుడిచాడు. "పెట్టి మంట కూడ ఏస్త. నువ్వు లోపటికి రా. దినం ఎల్లేదాక నా పక్కకు గీ స్టూలు మీద కూసో."

సేఠ్ గుమ్మం దాటలేదు. ఒక కాలు ముందుకు వేసినట్టే వేసి, మళ్లీ వెనక్కు తీసుకున్నాడు. "నాకేం పనుల్లేవనుకున్నవా?" అన్నాడు.

"ఒక్క పూటే సేఠ్. నా పెండ్లాం రోజు గా గోడకు ఆనుకొనే బువ్వ తింటది."

సేఠ్‌కు ఏదన్నా తడుతుందేమోనని అందరం చూశాం. కొత్త వాల్వ్ తెప్పిస్తానంటాడేమో, పొరపాటైందంటాడేమో, కనీసం తిడతాడేమో అనుకున్నాం. "అట్లయితే రేపటి సంది దాన్ని కూడ పనికి రావద్దను" అన్నాడు.

ఇన్ని కుటుంబాలకు అన్నం పెడుతున్నానని ఊరేగే పెద్దమనిషికి తోచిన జవాబు అది. తాను ఒక్క పూట కూర్చోలేని చోట ఇంతమందిని ఇన్నాళ్లు కూర్చోబెట్టానని అతనే తన నోటితో అందరికీ చెప్పేశాడు. నేను వారాల తరబడి వాగినా చెప్పలేకపోయిన ముక్క అది.

చెల్లె అప్పటికే డబ్బా మూత బిగించింది. "రేపటి దాక ఎందుకు సేఠ్? ఇప్పుడే పోత" అని లేచి, కొంగు దులుపుకొని, మొగుడి కోసం కూడా ఆగకుండా గేటు వైపు నడిచింది. పక్కన కూర్చున్న ముసలామె సగం తిన్న డబ్బా మూసి ఆమె వెంట లేచింది. ఆ వెనక మిగిలినవాళ్లు. చూస్తుండగానే ఆ గోడ దగ్గర ఒక్క మనిషీ మిగల్లేదు.