బోటు చూసి రాసిన అక్షరం

మా మేనమామ ఢిల్లీరావు బోట్ల మీద పేర్లు రాసేవాడు. వజ్రపుకొత్తూరు వైపు తీరంలో ఆయన కుంచె తగలని బోటు లేదు. ముందు బోటు చుట్టూ రెండుసార్లు తిరిగి, బీడీ కాల్చుకుని, అప్పుడు గానీ రంగు డబ్బా మూత తీసేవాడు కాదు. సన్నటి ముక్కున్న బోటుకి సన్నటి అక్షరం, వెడల్పాటి దానికి పొట్ట ఉబ్బిన అక్షరం. విరిగిన బోటు ముక్కని సముద్రం ఒడ్డుకి విసిరితే, దాని మీద ఒక్క అక్షరం మిగిలున్నా చాలు, అది ఎవరి బోటో చెప్పేసేవాడు.

ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక నాకు తెలివితేటలు పుట్టుకొచ్చాయి. కాశీబుగ్గలో నాది రేడియం స్టిక్కర్ల కొట్టు. మావ చేత అక్షరాలన్నీ కాగితాల మీద రాయించి, స్కాన్ చేసి ఫాంటుగా మారిస్తే ఆయన దస్తూరీ ఎప్పటికీ ఉండిపోతుందనుకున్నాను.

"ఏ బోటు 'మ' రాయమంటావే, ఇందూ?" అని అడిగాడు.

"ఏదో ఒకటి రాసీ మావా. అన్నిటికీ అదే సరిపోద్ది" అన్నాను. ఎంత పొగరు నాకు!

బోట్లకే కాదు, ఆటోలకీ, జీడిపప్పు ప్యాకెట్లకీ, పెళ్లి కార్డులకీ అదే ఫాంటు వాడాను. పలాసలో బస్సు దిగినప్పుడల్లా మావ తన అక్షరాలు చూసుకుని, "అన్నీ ఒక్కలాగే ఉన్నాయేటే" అనేవాడు. నేను నవ్వేసేదాన్ని.

కిందటేడు అక్టోబరు తుఫానుకి మూడు బోట్లు తిరిగి రాలేదు. ఫోన్లు కలవలేదు. రెండో రోజు పొద్దున ఒక ఫైబర్ ముక్క ఇసుకలోకి కొట్టుకొచ్చింది. దాని మీద నా స్టిక్కరు: "మ్మ తల్లి". మూడు బోట్లూ తెల్లవే. మూడింటి పేర్లూ అలాగే ముగుస్తాయి.

బుచ్చమ్మ కొడుకు రాజేంద్ర ఆ మూడింటిలో ఒకటైన తమ బోటులో వెళ్లాడు. ఆవిడ ఆ ముక్కని ఎత్తుకొచ్చి మావ ముందు పెట్టింది.

"ఎవుల్దో సెప్పు బావా."

మావ అక్షరాలని వేలితో చాలాసేపు తడిమాడు.

"తెల్దు బుచ్చమ్మా."

"నీ సేతి అచ్చరాలే గదేటి!"

"నా సెయ్యే. గానీ నీ బోటు సూసి రాయలేదు."

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నాలుగు రోజులు మూడు ఇళ్లలోనూ పొయ్యి వెలగలేదు. ఐదో రోజు రెండు బోట్లు ఒడిశా రేవు నుంచి తిరిగొచ్చాయి. రాజేంద్ర రాలేదు.

ఆశ వదులుకుని కర్మ చేసిన మర్నాడు మావ రంగు డబ్బా పట్టుకుని బుచ్చమ్మ ఇంటికెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. ఆ ముక్క మీది స్టిక్కరుని గోటితో గీకి తీసేసి, అవే అక్షరాలు మళ్లీ రాయడానికి కూర్చున్నాడు. వణికే చేత్తో రాసేసరికి మధ్యాహ్నమైంది. మకారం పొట్ట ఒక పక్కకి వాలిపోయింది.

బుచ్చమ్మ తడి రంగు మీదే చెయ్యి వేసింది.

"ఇది మా బోటే" అని బావురుమంది.