తీగ శుభ్రంగానే ఉంది

2004లో అనకాపల్లిలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను కెమిస్ట్రీ లెక్చరర్‌ని. అప్పటికి పదహారేళ్ల సర్వీసు. ఆ ఏడాదే ఫిజిక్స్ చెప్పడానికి జాన్ చేరాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. నా క్లాసులో గడియారం చూసే పిల్లలు, అతని క్లాసులో బెల్లు కొట్టినా లేచేవారు కాదు. గోడ అవతలి నవ్వులు వింటూ నేను బోర్డు మీద సమీకరణాలు రాసుకునేవాణ్ణి.

సైన్స్ డేకి అతనో ఆలోచన చెప్పాడు. నక్షత్రాల్లో ఏ మూలకాలున్నాయో వాటి వెలుగును బట్టి తెలుస్తుంది. అలాంటి రంగులను ఫ్లేమ్ టెస్టులో చూపిస్తూ, ఒక్కో మూలకానికీ తాను కట్టిన బాణీ వాయిస్తాడట.

"మంట దగ్గర మీరే ఉండాలండీ మాస్టారూ. మీరు లేకపోతే నాది ఒట్టి పాటకచేరీ అయిపోద్ది," అన్నాడు.

కాలేజీ నడిపే కరస్పాండెంటుకి నచ్చితే మాకవరపాలెం వైపు పల్లెటూరి స్కూళ్లన్నిటికీ దీన్ని తీసుకెళ్లాలని అతని ఆశ. ఆ మాటకి నా కడుపు మండింది. పదహారేళ్లలో నన్ను పక్క ఊరి స్కూలుకైనా ఎవరూ పిలవలేదు. అయినా సరేనన్నాను.

ఫ్లేమ్ టెస్టు అంటే, నైక్రోమ్ తీగను యాసిడ్‌లో ముంచి, కాల్చి, శుభ్రమయ్యాక దాని కొసకు లవణం అంటించి బర్నర్ మంటలో పెట్టడం. స్ట్రాన్షియం ఎర్రగా, బేరియం ఆకుపచ్చగా, పొటాషియం లేత ఊదాగా కనిపిస్తాయి. సోడియం కలిసిందా, దాని పసుపు మిగతా రంగులను మింగేస్తుంది. జాన్ తీగను మూడుసార్లు కడగడం నేను చూశాను. అతను కీబోర్డు సర్దుకోవడానికి వెళ్లాక, మజ్జిగన్నంలోకి తెచ్చుకున్న ఉప్పు పొట్లం విప్పి మూడు లవణాల్లోనూ కలిపేశాను.

హాల్లో కిటికీలు మూశారు. "ఇది ఎర్రటి స్ట్రాన్షియం," అంటూ జాన్ బాణీ ఎత్తుకున్నాడు. నేను తీగను బర్నర్‌లో పెట్టాను. మంట పసుపు. బేరియమూ పసుపే. మూడోదీ అంతే.

"ఏటి సార్, మీ సుక్కలన్నీ పసుపు రాసుకున్నాయేటి?" అని పూడిమడక నుంచి వచ్చే నూకరాజు అరిచాడు. హాలంతా గొల్లుమంది.

జాన్ వేళ్లు ఆగాయి. వెంటనే నవ్వేశాడు. "సోడియంరా బాబూ! మీ ఊరి సముద్రంలోనూ అదే, సూర్యుడిలోనూ అదే," అని మూడో బాణీ చివరిదాకా వాయించాడు.

కరస్పాండెంటు మాత్రం నవ్వలేదు. "ఏటండీ ఇది? కాలేజీ పరువు తీసేరు."

"తీగ సరిగా కడగలేదండీ. తప్పు నాదే," అన్నాడు జాన్.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. లాబ్ రిజిస్టర్‌లో 'తీగ శుభ్రం చేయనందున విఫలం' అని రాసింది కూడా నేనే.

మధ్యాహ్నం లవణాల గిన్నెలు కడగడానికి లాబ్‌లోకి వచ్చిన జాన్, నా బల్ల మీద విప్పి ఉన్న ఉప్పు పొట్లాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"భోంచేశారా మాస్టారూ?" అన్నాడు.

గిన్నెలు కడిగి బోర్లించాడు. ప్రదర్శన ఏ పల్లెకూ వెళ్లలేదు. ఏడాది చివర అతను పాయకరావుపేటలో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు.

ఏటా ఫ్లేమ్ టెస్టు చెప్పేటప్పుడు, ఉప్పు కలిస్తే ఏమవుతుందని పిల్లలెవరో ఒకరు అడుగుతారు. తక్కిన రంగులు కనబడవని చెబుతాను. నాకెలా తెలుసో ఇన్నేళ్లూ చెప్పలేదు. ఆ రంగులు ఎక్కడికీ పోవు, ఆ మంటలోనే ఉంటాయి. చూడనివ్వనిది నేను. ఆ రోజు జాన్ తీగ శుభ్రంగానే ఉంది.